మద్యంపై పాఠం.. ఇంటిదాకా చేరాలి

కాజీపేట: మద్యం తాగితే ఆరోగ్యం చెడిపోతుందని తెలియని హైస్కూలు విద్యార్థులు అరుదు. తెలిసినా స్నేహితుల బలవంతంతోనో, దావతుల్లో పెద్దలను చూసో కొందరు గ్లాసు అందుకుంటున్నారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఎయిమ్స్ జరిపి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో 10-17 ఏళ్ల వారిలో 1.3 శాతం మందికి ఈ అలవాటు ఉంది. శాతం చిన్నదే అయినా పిల్లల సంఖ్య లక్షల్లో ఉంటుంది. మెదడు ఇంకా ఎదుగుతున్న ఈ వయసులో మితిమీరి తాగితే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతింటాయి.

ఉపన్యాసాలతో సరి

ఏడాదికోసారి ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించడం మన పాఠశాలల్లో పరిపాటి. దాంతోనే మార్పు వస్తుందనుకోవడం పొరపాటు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 1983లో ప్రారంభమైన 'డేర్' కార్యక్రమంలో పోలీసులే తరగతి గదులకు వెళ్లి పాఠాలు చెప్పారు. అది దేశమంతటా విస్తరించినా ప్రభావం నామమాత్రమేనని పలు అధ్యయనాల్లో తేలింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1990ల చివర మరో పద్ధతిని పరీక్షించారు. భయపెట్టడం మాని, మద్యం వల్ల ఎదురయ్యే ప్రమాదాలను, వాటిని తప్పించుకునే మార్గాలను విద్యార్థులతోనే చర్చింపజేశారు. ఒక్కరోజుతో ఆపకుండా రెండు విద్యా సంవత్సరాలు కొనసాగించారు. ఈ పాఠాలు విన్నవారిలో తాగుడు, దానివల్ల కలిగే హాని మిగతావారికంటే తక్కువగా ఉన్నట్లు తేలింది.

వారానికో గంట

ఇలాంటి బోధనకు మన దగ్గరా వీలుంది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో మత్తు పదార్థాల నివారణ ఒక అంశం. పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు శిక్షణ పొంది వారానికో గంట బోధించాలన్నది దీని ఉద్దేశం. ఆ గంటను లెక్కలకో, సైన్సుకో మళ్లించకుండా చూడాల్సిన బాధ్యత ప్రధానోపాధ్యాయులదే.

దూబగుంట చెప్పిందిదే

పాఠానికి ఎంత బలముందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో సారాపై పాఠం చదివిన మహిళలు తమ ఊరి దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాపై నిషేధం అమల్లోకి వచ్చింది. తమ ఇంటి బాధే పాఠంగా ఎదుట నిలవడం, దాన్ని అందరూ కలిసి చర్చించుకోవడం అందుకు కారణం.

తల్లిదండ్రులూ కదలాలి

పాఠం బడిలోనే ఆగిపోతే సగం ప్రయోజనమే. పండక్కి ఒక్క గుక్కే కదా అని ఇంట్లోనే అలవాటు చేస్తే ఉపాధ్యాయుడి మాట వృథా అవుతుంది. తెలంగాణలో 21 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మరాదు. వైద్యుడి సలహా లేకుండా 18 ఏళ్లలోపు వారికి మద్యం ఇస్తే బాలల న్యాయ చట్టం-2015 ప్రకారం ఏడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. రైల్వే జంక్షనైన కాజీపేటలో వేళాపాళా లేని డ్యూటీలు చేసే తల్లిదండ్రులు ఎందరో. వారికి వీలైన సమయంలో సమావేశాలు పెడితేనే ఈ విషయాలు ఇళ్లకు చేరుతాయి. ఇప్పటికే అలవాటు పడిన పిల్లలను బడి నుంచి పంపించివేయడం పరిష్కారం కాదు. సలహా కోసం జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446కు ఫోన్ చేయవచ్చు.