ముద్దొచ్చే మోసగాళ్ళు!

మోసగాళ్ళను చూస్తే ఒళ్ళు మండాలి గదా? 'మిస్సమ్మ' చూసి ఎవరికైనా మండిందేమో చెప్పండి!

1955 జనవరి 12న విజయా వారు విడుదల చేసిన ఈ చిత్రంలో నాయికా నాయకులిద్దరూ అచ్చమైన దగాకోరులే. అప్పాపురం జమీందారు గారి (ఎస్.వి. రంగారావు) స్కూలుకి ఇద్దరు టీచర్లు కావాలి. బి.ఏ. ప్యాసై ఉండాలి, పైగా మొగుడూ పెళ్ళాలై ఉండాలి! ఎం.టి. రావుకి (ఎన్.టి.ఆర్.) డిగ్రీ ఉంది, కొలువు లేదు. మేరీకి (సావిత్రి) డేవిడ్ (రమణారెడ్డి) బెడద. అప్పు తీర్చు, లేదా నన్ను పెళ్ళి చేసుకో అంటాడు వాడు. ఇంకేం, క్రైస్తవ పిల్ల హిందూ ఇల్లాలైపోయింది!

2013లో వచ్చిన 'స్వామి రారా'లో నిఖిల్ ముఠా చూపు వినాయకుడి విగ్రహం మీద. వీళ్ళు కాజేసింది రెండు ఉద్యోగాలు, అంతే. అదీ పాఠాలు సక్రమంగా చెబుతూ!

మాది అమరచింత. ఒకప్పటి సంస్థానం ఊరు. దొర ముందు అబద్ధమాడటమంటే ఎంత గుండె కావాలో మా పెద్దవాళ్ళకి తెలుసు. టీవీలో ఈ సినిమా వస్తే మా అవ్వ మగ్గం దిగొచ్చి కూర్చునేది. "దొరకుతరేమోరా" అని ఒకటే గాభరా. మోసం గదా అవ్వా అంటే, "కొలువు కోసమే గదా, పాపం! ఇందులేం తప్పు?" అనేది. డిగ్రీ కాగితం పెట్టెలో పెట్టుకుని ఊళ్ళో తిరిగే మా కుర్రాళ్ళు మాత్రం ఆ మాటకి నవ్వేవాళ్ళు కాదు.

అసలు చమత్కారం ఇంకోటుంది. జమీందారు కూతురు సీతకి (జమున) రావు సంగీతం చెబుతుంటే మేరీకి అసూయ! ఉత్తుత్తి మొగుడి మీద నిజం కోపం! మొదట ఈ పాత్రకి భానుమతిని తీసుకుని కొంత షూటింగు కూడా చేశారు. చక్రపాణి గారితో పేచీ వచ్చి ఆమె తప్పుకోవడంతో, చిన్న వేషానికి వచ్చిన సావిత్రికి మేరీ దక్కింది. భానుమతి గారి మేరీ ఎలా ఉండేదో గానీ, ఈ మేరీని మరొకరిలో ఊహించుకోవడం నా వల్ల కాదు.

ఇంత మోసం జరుగుతున్న ఇంట్లోనే ఒక డిటెక్టివు కూడా ఉన్నాడండోయ్! 1953లో 'దేవదాసు'గా కంటతడి పెట్టించిన అక్కినేని, రెండేళ్ళకే ఈ కోతి వేషం వేశారు. ముగింపు చెప్పేస్తున్నానని కోప్పడకండి, డెబ్బై ఏళ్ళు దాటిన సినిమా. ఆ డిటెక్టివు పట్టుకునేది వీళ్ళ దొంగ కాపురాన్ని కాదు. మేరీ ఎప్పుడో తప్పిపోయిన జమీందారు పెద్ద కూతురని! దొంగపేరుతో అడుగుపెట్టిన ఇల్లు ఆమె పుట్టిల్లే.

ఈసారి చూసినప్పుడు మార్కస్ బార్‌ట్లే వెన్నెలతో పాటు సావిత్రి కనుబొమ్మలు కూడా గమనించండి. నోరు అబద్ధమాడుతున్నంతసేపూ అవి నిజం చెప్పేస్తుంటాయి.