పులే నొక్కిన క్లిక్!

పులిని కాల్చి, దాని మీద కాలుపెట్టి ఫొటో దిగడం గొప్పగా చెలామణీ అయిన రోజులవి. ఆ కాలంలో ఓ అటవీ అధికారి తుపాకీని పక్కనపెట్టి కెమెరా పట్టుకున్నారు. అడవి బాటల్లో సన్నటి తీగలు కట్టి రాత్రిళ్లు పులుల ఫొటోలు తీశారు. ఉద్యోగంతో పనిలేని ఆ సరదా ఎక్కడిదాకా వెళ్లిందంటే... ఇవాళ దేశమంతటా పులుల్ని లెక్కపెడుతున్నది దాదాపు అదే పద్ధతిలో!

చీకటి పడకముందే ఏర్పాట్లన్నీ అయిపోవాలి. హిమాలయాల పాదాల దగ్గర సాల్‌ అడవి. మధ్యలో ఇసుక పరుచుకున్న వాగు. దాన్ని ఆనుకుని జంతువులు నడిచి నడిచి నలిగిన కాలిబాట. ఆ బాట పక్కన పొదల్లో ఓ పెట్టె కెమెరా, దానికి కాస్త దూరంలో మెగ్నీషియం పొడి నింపిన పళ్లెం, బాటకు అడ్డంగా కంటికి ఆనని తీగ. అన్నీ సర్దేసి మనుషులు మకాంకి వెళ్లిపోతారు. ఫొటో తీయాల్సిన మనిషి అక్కడ ఉండడు. ఏ అర్ధరాత్రో నీళ్ల కోసమో, వేట కోసమో బయల్దేరిన పులి కాలు ఆ తీగకు తగలాలి. తగిలిన క్షణంలో విద్యుత్‌ సర్క్యూట్‌ కలిసి పొడి భగ్గున మండుతుంది. అదే క్షణంలో షట్టర్‌ తెరుచుకుని మూసుకుంటుంది. పులి తన ఫొటో తానే తీసుకున్నట్టన్నమాట!

ఈ తతంగమంతా నడిపిన పెద్దమనిషి పేరు ఫ్రెడరిక్‌ వాల్టర్‌ ఛాంపియన్‌. 1920ల్లో అప్పటి యునైటెడ్‌ ప్రావిన్సెస్‌లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌, ఉత్తరాఖండ్‌ ప్రాంతంలో అటవీశాఖ అధికారి. ఫొటోగ్రఫీ ఆయన వృత్తి కాదు. చెట్లు లెక్కపెట్టడం, కలప నరికివేతను పర్యవేక్షించడం, నిప్పు నుంచి అడవిని కాపాడటం... జీతం ఇచ్చింది ఈ పనులకే. కెమెరా మాత్రం సొంత ముచ్చట.

పది రోజులు... 39 పులులు

ఆ ముచ్చట ఎంత విడ్డూరమో తెలియాలంటే ఆనాటి పరిస్థితి చూడాలి. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు ముగించుకున్న అయిదో జార్జి చక్రవర్తి నేపాల్‌ అడవులకు వేటకు వెళ్లారు. పది రోజుల్లో ఆ బృందం కూల్చిన పులులు 39. అందులో చక్రవర్తి ఖాతాలోనివే 21! పాలకుడే అలా ఉంటే కింది దొరల సంగతి చెప్పేదేముంది? సంస్థానాల రాజులు, కలెక్టర్లు, సైనికాధికారులు, వాళ్లింటికి వచ్చిన చుట్టాలు... అందరికీ పులి తోలు ఓ హోదా. దొర బంగళా అంటే గోడకు తలలూ నేలమీద తోళ్లూ ఉండాల్సిందే. అటవీ అధికారికైతే అడవి చేతిలో పనే. కావాలంటే వారానికో వేట.

ఛాంపియన్‌కు మాత్రం సరదా కోసం ప్రాణం తీయడం నచ్చలేదు. అది పెంపకం నుంచి వచ్చిందేమో. ఆయన 1893లో ఇంగ్లాండ్‌లోని సర్రే ప్రాంతంలో పుట్టారు. తండ్రి జార్జి చార్లెస్‌ ఛాంపియన్‌ పేరున్న కీటక శాస్త్రవేత్త. పురుగుల కోసం మధ్య అమెరికా అడవుల్లో ఏళ్ల తరబడి తిరిగినవాడు. ఇక అన్నయ్య హ్యారీ గురించి ఓ మాట చెప్పుకోవాలి. అటవీశాఖ ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు మనదేశపు అడవుల రకాలను ‘ఛాంపియన్‌-సేఠ్‌ వర్గీకరణ’ పేరుతో బట్టీపడుతుంటారు కదా... ఆ ఛాంపియన్‌ ఈ హ్యారీయే. తండ్రి పురుగుల్ని, పెద్దకొడుకు అడవుల్ని వర్గీకరిస్తే చిన్నకొడుకు అడవిలో తిరిగే జీవాల రూపాలను పట్టుకున్నాడు. ఒకే ఇంట్లో ఇంతమంది పరిశీలకులు!

ఫ్రెడరిక్‌ 1913లో భారతదేశానికి వచ్చింది పోలీసు ఉద్యోగానికి. తూర్పు బెంగాల్‌లో మూడేళ్లు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక సైన్యంలో చేరి వాయవ్య సరిహద్దులో పనిచేశారు. యుద్ధం ముగిశాక అటవీశాఖలోకి వచ్చారు. అడవిలోనే ఉద్యోగం దొరకడంతో కెమెరా మోజుకు కాళ్లొచ్చాయి.

పొడి తడిస్తే అంతే!

ఫోన్‌ తీసి టకటకా వంద ఫొటోలు కొట్టే ఈ రోజుల్లో ఆనాటి అవస్థ ఊహకందదు. అప్పటి కెమెరాల్లో వాడేది గాజు పలకలు. వెలుతురును పట్టుకునే శక్తి వాటికి తక్కువ. అందుకే పగలు చెట్లనీడలో కదిలే జంతువును తీయడమే గగనం, రాత్రి సంగతి సరేసరి. ఫ్లాష్‌ కోసం మండించే పొడి ఒకరకంగా బాణసంచా మందు. కలపడంలో తేడా వస్తే చేతులు కాలిపోతాయి. మంచుకు తడిస్తే అసలు అంటుకోదు. అది ఒకసారి మండితే అయిపోయినట్టే. అంటే ఒక కెమెరాకు రాత్రికి ఒక్కటే ఫొటో! ఆ ఒక్క అవకాశాన్నీ పులి వచ్చేలోపు ఏ ముళ్లపందో, దుప్పో తీగ తొక్కి పాడుచేస్తే ఇక మర్నాటి దాకా ఆగాల్సిందే. సరిగ్గా పులే వచ్చిందనుకున్నా తల ఫ్రేములో పడుతుందో తోక పడుతుందో చెప్పలేం. తీగ ఎంత ఎత్తులో కట్టాలి, కెమెరా ఎంత దూరంలో ఉండాలి, పులి ఏ వైపు నుంచి వస్తుంది... ఇవన్నీ అడుగుజాడలు చూసి ముందే ఊహించాలి. అంటే ఫొటో తీయడానికి ముందు పులిని చదువుకోవాలి.

అన్నీ కుదిరాక కూడా గండం తప్పలేదు. గాజు పలకను మందునీళ్లలో కడిగితేగానీ బొమ్మ తేలదు. ఎండాకాలం ఆ నీళ్లు వేడెక్కితే పలక మీది జెలటిన్‌ పూత మెత్తబడి జారిపోతుంది. నెలల శ్రమ అలా నీళ్లలో కలిసిపోవచ్చు.

పగటి ఫొటోలకు ఆయన ఏనుగునెక్కేవారు. మనిషి కనిపిస్తే మాయమైపోయే పులి ఏనుగును చూసి అంతగా బెదరదు. అయితే ఏనుగు నిలబడ్డా నిలకడగా ఉండదు. చెవులాడిస్తుంది, ఒళ్లు కదిలిస్తుంది, కాలు మారుస్తుంది. పైన కూర్చుని బరువైన కెమెరాతో గురిచూడటం పడవలో నిలబడి సూదిలోకి దారం ఎక్కించడం లాంటిదే.

జంతువుతోనే ఫొటో తీయించాలన్న ఆలోచన ఛాంపియన్‌కే మొదట వచ్చిందనలేం. అమెరికాలో జార్జి షిరాస్‌ అనే న్యాయవాది అంతకుముందే తీగలతో, ఫ్లాష్‌తో జింకల ఫొటోలు తీశారు. 1906 జులైలో ‘నేషనల్‌ జియోగ్రాఫిక్‌’ ఆయన ఫొటోలు 74 ఒకేసారి ప్రచురించింది. అయితే మిషిగాన్‌లో ఓ సరస్సు ఒడ్డున జింకను తీయడం వేరు, భారతదేశపు అడవిలో పులి దారికి అడ్డంగా తీగ కట్టడం వేరు. మర్నాడు పొద్దున్నే ఆ తీగను చూడటానికి కాలినడకన పోవాల్సింది మనిషే కదా!

లండన్‌ చూసిన పులి

1925 అక్టోబరు 3. ‘ది ఇలస్ట్రేటెడ్‌ లండన్‌ న్యూస్‌’ పత్రికలో ఛాంపియన్‌ తీసిన పులుల ఫొటోలు వచ్చాయి. అప్పటిదాకా లండన్‌ జనం చూసిన పులులు రెండే రకాలు... జూలో బోనులో ఉన్నవి, వేటగాడి కాళ్లకింద పడి ఉన్నవి. తన అడవిలో, తన దారిన తాను నడిచిపోతున్న పులి ఫొటోను చూడటం వాళ్లకదే తొలిసారి.

రెండేళ్లకు, 1927లో ‘విత్‌ ఎ కెమెరా ఇన్‌ టైగర్‌-లాండ్‌’ పుస్తకం వచ్చింది. తర్వాత 1930ల్లో ‘ద జంగిల్‌ ఇన్‌ సన్‌లైట్‌ అండ్‌ షాడో’. పులితోపాటు చిరుతలు, ఎలుగుబంట్లు, రేసుకుక్కలు, సాంబార్‌ దుప్పులు కూడా ఆయన కెమెరాకు చిక్కాయి. వేటగాళ్లు లెక్కలోకి తీసుకోని చిన్నాచితకా జీవాలకూ చోటిచ్చారు. రెండో పుస్తకం పేరులోనే ఉంది... ఆయనకు జంతువెంత ముఖ్యమో దాని వెనకున్న అడవీ, ఆకుల సందుల్లోంచి దిగే ఎండా అంతే ముఖ్యం.

ఫొటోలు పోగయ్యేకొద్దీ ఛాంపియన్‌ వాటిని పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టారు. అక్కడే అసలు సంగతి బయటపడింది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా లేవు! మన వేలిముద్రల్లాగే పులికి చారలు. దాంతో ఈ బాటలో నిన్న వచ్చిందీ, నెల కిందట వచ్చిందీ ఒకే పులా కాదా అన్నది ఆయన ఫొటో చూసి చెప్పగలిగారు. వేటగాడికి పులి అంటే పొడవు ఎన్ని అడుగులు అన్నదే లెక్క. ఛాంపియన్‌కు అది ఫలానా పులి.

కార్బెట్‌ చేతికి కెమెరా

ఆ ఫొటోలు మార్చిన మనుషుల్లో జిమ్‌ కార్బెట్‌ ఒకరు. నరమాంస భక్షక పులుల వేటగాడిగా లోకమంతా ఎరిగిన కార్బెట్‌కు ఛాంపియన్‌ స్నేహితుడు. ఆయన స్ఫూర్తితోనే కెమెరా పట్టారు. ఫ్లాష్‌తో కాకుండా పట్టపగలు పులులను చలనచిత్రంగా తీయాలని కార్బెట్‌ పంతం. సినిమా కెమెరా చప్పుడు పులికి వినపడకుండా వాగుకు చిన్న చిన్న అడ్డుకట్టలు కట్టి, నీళ్లు దూకే శబ్దంలో ఆ చప్పుడును కలిపేశారట! గురి తప్పని వేటగాడు ఇలాంటి పనులకు దిగాడంటే ఆ మోజు ఎంత అంటువ్యాధో అర్థంచేసుకోవచ్చు.

ఛాంపియన్‌ ఫొటోలతో సరిపెట్టుకోలేదు. తుపాకీ లైసెన్సులు తగ్గించాలనీ, రిజర్వు అడవుల్లోకి మోటారు కార్లను రానివ్వకూడదనీ, జంతువులను చంపినందుకు ఇచ్చే బహుమానాలు తగ్గించాలనీ వాదించారు. తోటి దొరల సరదాకు అడ్డం పడే మాటలివి. క్లబ్బులో పక్కన కూర్చునేవాళ్లకు ఎంత రుచించి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1936లో హెయిలీ నేషనల్‌ పార్కు ఏర్పడింది. మనదేశంలో తొలి జాతీయ పార్కు అదే. దానికోసం పాటుపడినవారిలో కార్బెట్‌తోపాటు ఛాంపియన్‌ కూడా ఉన్నారు. 1957లో ఆ పార్కుకు కార్బెట్‌ పేరు పెట్టారు. ఛాంపియన్‌ పేరు మాత్రం అడవులంటే ఆసక్తి ఉన్న కొద్దిమందికే మిగిలింది. కథలు బాగా చెప్పినవాడే జనానికి గుర్తుంటాడు మరి!

ఆయన చేసిందంతా ఈ కాలానికి పనికొస్తుందనీ కాదు. కటిక చీకట్లో అడుగు దూరాన భగ్గుమనే వెలుగుకు జంతువు బెదిరిపోతుందన్నది నిజం. ఇప్పుడెవరైనా సరదాకి అలా చేస్తే అటవీశాఖ కేసు పెడుతుంది. అయితే ఆ రోజుల్లో పులికి ఆ బాటలో ఎదురయ్యే మరో వెలుగు తుపాకీ గొట్టం నుంచి వచ్చేది.

1947లో ఛాంపియన్‌ భారతదేశం వదిలి తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికాకు అటవీ అధికారిగా వెళ్లారు. చివరికి స్కాట్లాండ్‌లో స్థిరపడి 1970లో కన్నుమూశారు. మనదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. ప్రాజెక్ట్‌ టైగర్‌ 1973 ఏప్రిల్‌ 1న కార్బెట్‌ పార్కులోనే మొదలైంది. రెండిటినీ చూడకుండానే వెళ్లిపోయారాయన.

కాగితం మీద పులులు

చారలను చూసి గుర్తుపట్టడమనే ఆయన విద్యను చాలాకాలం ఎవరూ లెక్కపెట్టడానికి వాడుకోలేదు. దేశంలో పులుల లెక్క పాదముద్రల మీదే నడిచింది. ముద్రను గాజు పలక మీద గీసుకుని, ఇది ఫలానా పులిది అని సిబ్బంది తేల్చేవారు. నేల మెత్తదనాన్ని బట్టి ఒకే పులి ముద్ర రెండు రకాలుగా పడొచ్చు. ఫలితం... కాగితం మీద పులులు పెరుగుతూ పోయాయి. 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని తేలేసరికి దేశం ఉలిక్కిపడింది.

అప్పటికే కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్‌ కారంత్‌ 1990ల నుంచి కెమెరా ట్రాప్‌లతో చారలను సరిపోల్చి పులుల సంఖ్య అంచనా వేస్తున్నారు. ఆయన చదివింది ఇంజినీరింగ్‌, మళ్లింది అడవికి. సరిస్కా దెబ్బ తర్వాత 2006 నుంచి జాతీయ గణనలోనూ కెమెరాలే ప్రధానమయ్యాయి. తీగ స్థానంలో సెన్సర్‌ వచ్చింది. గాజు పలకకు బదులు మెమరీ కార్డు. అంతే తేడా.

2018-19 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. అవి తీసిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షల పైచిలుకు. అందులో పులి పడినవి 76,651. గిన్నిస్‌ రికార్డుకెక్కిన లెక్క ఇది. భాగించి చూస్తే దాదాపు 455 ఫొటోలకు ఒక్క పులి. రాత్రికి ఒక్క ఫొటో చొప్పున ఛాంపియన్‌ ఎన్ని పొద్దులు ఉత్త చేతులతో తిరిగొచ్చి ఉంటారో!

విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్‌-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ, కృష్ణకు ఇవతలి గట్టున తెలంగాణలోని అమ్రాబాద్‌లోనూ గణన జరిగేది ఈ పద్ధతిలోనే. నల్లమల బాటల పక్కన మోకాలెత్తున చెట్లకు కట్టిన చిన్న పెట్టెలు... ఎప్పుడూ జంటగానే, ఎదురెదురుగా ఉంటాయి. పులికి ఎడమపక్క చారలు ఒకలా, కుడిపక్క చారలు మరోలా ఉంటాయి. ఒక్క వైపే ఫొటో తీస్తే ఒకే పులిని రెండుగా లెక్కపెట్టేస్తారు మరి.