ఒక జట్టు, ఇద్దరు సారథులు

1971 అక్టోబరు 31. చికాగో నగరంలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో ప్రేక్షకులు ఒక వింత చూశారు. డల్లాస్ కౌబాయ్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఒక ఎత్తు ఆడి వెలుపలికి రాగానే మరొకడు లోనికి పరుగెత్తేవాడు. ఆ మరుసటి ఎత్తుకు మళ్ళీ మొదటివాడే. ఆట ముగిసేదాకా ఇదే వరస!

అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచేది మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెడతారు, దూరాలకు విసురుతారు. బంతిని ముందుగా అందుకొని, దానిని పక్కవాని చేతికియ్యడమా, దూరాన ఉన్నవానికి విసరడమా అని రెండు మూడు క్షణాలలో తేల్చుకోవలసినవాడు క్వార్టర్‌బ్యాక్. మీదికి ఉరికే ప్రత్యర్థులు అతని ఆలోచన తెమిలేదాకా ఆగరు. అటువంటి స్థానానికి ఒక్కరిని ఎన్నుకోలేక సతమతమైనవాడు సామాన్యుడు కాదు. అతడు రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబరు విమానం నడిపిన శిక్షకుడు టామ్ లాండ్రీ.

క్రెయిగ్ మోర్టన్ 1965 నుండి జట్టులో ఉన్నవాడు. లాండ్రీ పద్ధతులు క్షుణ్ణంగా ఎరిగినవాడు. కాని 1971 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో అతడు విసిరిన మూడు బంతులు ప్రత్యర్థుల చేత చిక్కాయి. డల్లాస్ 16–13తో ఓడిపోయింది. రోజర్ స్టాబాక్ నౌకాదళంలో పనిచేసి, 27వ ఏట జట్టులో చేరినవాడు. చిక్కు ఎదురైతే గీచిన పథకాన్ని పక్కనబెట్టి బంతితో తానే పరుగుతీస్తాడు. అనుభవానికీ పథకానికీ పెద్దపీట వేసే లాండ్రీకి అది రుచించేది కాదు.

చికాగోలో ఇద్దరినీ ఆడించిన ఫలితం 23–19తో ఓటమి. గజాల లెక్కలో డల్లాస్‌దే పైచేయి, అయినా గెలుపు దక్కలేదు. అప్పటికి ఏడు పోటీలలో మూడు పోయాయి. ఆ తరువాత లాండ్రీ స్టాబాక్ పేరు ప్రకటించాడు. మిగిలిన ఏడు పోటీలూ గెలిచిన డల్లాస్, 1972 జనవరి 16న మయామీని 24–3తో ఓడించి సూపర్ బౌల్ చేజిక్కించుకుంది.

వివాదం అంతటితో సమసిపోలేదు. 1972లో స్టాబాక్ భుజానికి గాయమైనందున సీజన్ భారమంతా మోర్టన్ మోశాడు. డిసెంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోతో జరిగిన పోటీలో డల్లాస్ 28–13తో వెనుకబడగా, లాండ్రీ అతనిని తప్పించి స్టాబాక్‌ను పంపాడు. చివరి రెండు నిమిషాలలో రెండు టచ్‌డౌన్లు! 30–28తో విజయం. మరి తరువాతి వారం వాషింగ్టన్‌తో జరిగే కీలక పోటీకి ఎవరు? నెలల తరబడి జట్టును నెగ్గించినవాడా, కొన్ని నిమిషాలలో గట్టెక్కించినవాడా? లాండ్రీ రెండవవానినే ఎన్నుకున్నాడు. గాయం వల్ల ఏడాదంతా దాదాపు ఆటకు దూరమైనవానిని ఒక్క పోటీ చూసి నమ్మడం సాహసమే. డల్లాస్ 26–3తో చిత్తుగా ఓడింది. మోర్టన్ ఆడి ఉంటే గెలిచేదని చెప్పడమూ కష్టమే.

1974లో మోర్టన్ డల్లాస్ విడిచాడు. 1977లో డెన్వర్ జట్టులో చేరి, ఆ ఏడే దానిని సూపర్ బౌల్ దాకా నడిపించాడు. 1978 జనవరి 15న న్యూ ఆర్లియన్స్‌లో అతనికి ఎదురైన జట్టు డల్లాస్. దాని క్వార్టర్‌బ్యాక్ స్టాబాక్. మోర్టన్ బంతులు నాలుగు ప్రత్యర్థుల పాలయ్యాయి. డల్లాస్ 27–10తో గెలిచింది.