ప్రశ్నావళికే పరీక్ష

విశ్వవిద్యాలయములలో చదువుకొను యువతీయువకులు ఏమి తినుచున్నారో, ఏల తినుచున్నారో తెలిసికొనగోరిన పరిశోధకుడు సాధారణముగా క్రొత్త ప్రశ్నలు కల్పించుకొనడు. పరదేశమున చిరకాలము వాడుకలోనున్న ప్రశ్నావళిని తెచ్చి తన విద్యార్థుల భాషలోనికి మార్చుకొనును. అట్లు ప్రసిద్ధికెక్కినవానిలో 1986వ సంవత్సరమున తత్యానా వాన్ స్ట్రీన్ మొదలగు హాలండు పరిశోధకులు ప్రకటించిన డచ్చి ఆహారప్రవర్తన ప్రశ్నావళి యొకటి. అందు 33 ప్రశ్నలు కలవు: ఒడలు పెరుగునను భయముచేత తిండి తగ్గించుకొనుటను గూర్చి 10, కోపశోకాదుల వలన తినబుద్ధి పుట్టుటను గూర్చి 13, ఎదుటనున్న పదార్థపు రూపగంధములకు లోబడుటను గూర్చి 10. 'ఎన్నడును లేదు' మొదలు 'చాల తరచుగా' వరకు గల ఐదు మెట్లలో ఒకదానికి గుర్తు పెట్టవలయును.

భాషాంతరీకరణమునకు రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన మార్గమే నేటికిని రాజమార్గము. ఒకరు ప్రశ్నలను తమ భాషలోనికి మార్తురు. మూలమును చూడని మరియొకరు వానిని తిరిగి మూలభాషలోనికి తెత్తురు. రెండింటిని సరిపోల్చి తేడాలు దిద్దుదురు. ఇంతటితో పని తీరినదని తృప్తిపడువారు కలరు గాని, అసలు చిక్కు ఇచటనే ఆరంభమగునని నా యభిప్రాయము.

ఆ ప్రశ్నావళియే మన హాస్టలు గదికి వచ్చినదనుకొందము. విసుగు కలిగినపుడు తినబుద్ధియగునా యని యడుగగా, అలిగినపుడు అన్నము మాని ముసుగుదన్ని పండుకొను అలవాటుగల యింట పెరిగిన విద్యార్థి కలము పట్టుకొని ఆలోచనలో పడును. తినదలచినదానికంటె తక్కువ తినుచుందురా యను ప్రశ్నకు, శనివారము ఒంటిపూట నుండు బాలికయు, మెస్సులోని కూర సహింపక నాలుగు మెతుకులు కతికి లేచిపోవు బాలుడును, నెలాఖరున చేతిలో డబ్బాడక రాత్రిభోజనము దాటవేయువాడును, నడుము సన్నబడవలెనను కోరికగలవారును ఒకే గడిలో గుర్తు పెట్టుదురు. భాషలో దోషమేమియు లేదు, జవాబులన్నియు సత్యములే, మొత్తము మాత్ర మసత్యము. కావున కొందరు విద్యార్థులను ఎదుట కూర్చుండబెట్టి, ప్రశ్నను బిగ్గరగా చదివించి, ఏమి తలచి ఆ గుర్తు పెట్టితిరని యడుగు పద్ధతి యొకటి కలదు. ఖర్చు స్వల్పము, ఫలము అధికము; అయినను త్వరపడువారు మొదట విడిచిపెట్టునది ఇదియే.

ఇక లెక్కల పరీక్షలు. లీ క్రోన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా యను సంఖ్య, ఒకే గుణమును కొలువవలసిన ప్రశ్నలకు తమలో తమకెంత పొందిక కలదో తెలుపును, అది 0.7 దాటిన చాలునని పరిశోధకులలో వాడుక. దానిని చూచి మురిసిపోరాదు, ఏలయన ఒకే ప్రశ్నను మాటలు మార్చి పదిమారు లడిగినను ఆ సంఖ్య పెరుగును. రెండు వారముల పిమ్మట అదే పత్రమును మరల నింపించి జవాబుల నిలుకడను చూతురు. నడుమ పరీక్షలు వచ్చిపడి, టీతో బిస్కత్తులతో రాత్రులు గడపిన విద్యార్థి జవాబు మారినచో అది ప్రశ్నయొక్క తప్పు కాదు. మూలమునందలి మూడు వర్గములు ఇచటను మూడుగనే విడివడుచున్నవా యని కారకవిశ్లేషణము తేల్చును. ప్రశ్నకు పదిమంది చొప్పున నను మోటు లెక్కప్రకారము దీనికి 330 మంది కావలయును.

ఇన్నియు నెగ్గినను, కాగితముమీది జవాబు కంచములోని భోజనముతో సరిపడునా యను ప్రశ్న మిగులును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి సర్వేలలో కొలతగిన్నెలు చూపి, ముందటి దినము ఏ గిన్నెతో ఎంత వడ్డించుకొంటిరని యడుగు పద్ధతి కలదు. అట్టి లెక్కను ప్రక్కన నుంచి పోల్చిననే ప్రశ్నావళికి బలము చేకూరును.

విద్యార్థులకు పొసగని ప్రశ్నను తొలగించినచో ఇతరదేశముల మొత్తములతో నేరుగా పోల్చుట కుదరదు. ఆ పోలిక పోవునను బెంగచేత దోషమెరిగియు ప్రశ్న నుంచుకొనువారు అరుదు కారు. నేను తొలగించుటనే మెచ్చుకొందును. హాలండుతో పోలిక తరువాత చూచుకొనవచ్చును.