బిల్లులో తేదీల లెక్క తప్పితే సరిచూచుకొనుట ఎట్లు?



పాల లెక్క నేడు చాలా సంఘాలలో కంప్యూటరులోనే ఉంటున్నది. ఉదయం, సాయంత్రం మనం పోసిన పాలు, వెన్న శాతం, తేదీ, సమయం అందులో నమోదవుతాయి. బిల్లు తయారుచేసేటప్పుడు “ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు లెక్క చూపు” అని కంప్యూటరును అడుగుతారు. దీనినే క్వెరీ అంటారు. అడిగే తీరు సరిగా లేకపోతే యంత్రం చెడిపోకుండానే లెక్క తప్పుతుంది. నష్టపోయేది సభ్యుడు.

చివరి రోజు పాలు: 1 నుండి 15 వరకు బిల్లు అనుకుందాం. సమయంతో సహా నమోదయ్యే చోట, ఉత్త “15వ తేదీ” అంటే కంప్యూటరుకు ఆ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలని అర్థం. ఆ ఉదయం 6 గంటలకు పోసిన పాలు, సాయంత్రం పాలు రెండూ లెక్కకు అందవు. తరువాతి బిల్లు 16 నుండి మొదలవుతుంది గనుక అందులోనూ రావు. పూటకు 4 లీటర్లు పోసేవారికి 120 లీటర్లకు బదులు 112 లీటర్లే కనిపిస్తాయి. లీటరు 40 రూపాయలనుకున్నా 320 రూపాయలు పోయినట్లే. దీనికి మందు ఒక్కటే: “1వ తేదీ మొదలు, 16వ తేదీకి ముందు వరకు” అని అడగాలి.

నెలాఖరు: రెండవ పక్షాన్ని ఫిబ్రవరి 28తో ముగించేటట్లు రాసి ఉంచితే, 2024 వంటి లీపు సంవత్సరంలో 29వ తేదీ పాలు జారిపోతాయి. “మార్చి 1కి ముందు వరకు” అంటే ఏ సంవత్సరానికైనా సరిపోతుంది.

రోజుల సంఖ్య: 15లో నుండి 1 తీసివేస్తే 14 వస్తుంది, పాలు పోసినది 15 రోజులు. మొదటి రోజును కూడా కలుపుకోవాలంటే ఒకటి చేర్చాలి. లేకుంటే రోజువారీ సగటు తప్పుతుంది.

అక్షరాలుగా రాసిన తేదీ: తేదీని తేదీగా కాక మాటలా నమోదు చేస్తే, కంప్యూటరు ఎడమ నుండి ఒక్కొక్క అంకెనే పోల్చుతుంది. 01-02-2024 నుండి 15-02-2024 వరకు అడిగితే 05-01-2024 నాటి పాలు కూడా వచ్చి చేరుతాయి. కనుక తేదీకి ఏర్పాటైన గడిలోనే నమోదు చేయాలి. తప్పనిసరైతే 2024-02-15 అన్నట్లు సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయాలి.

అనుమానం వచ్చినప్పుడు కార్యదర్శులు వెంటనే ప్రోగ్రామును మార్చవద్దు. ఒక్క సభ్యుని ఒక్క పక్షం లెక్కను, మొత్తం వేయకుండా, పూటపూటకు విడివిడిగా తీయించి పాస్ పుస్తకంతో పోల్చండి. మొదటి వరుస, చివరి వరుస ముందుగా చూడండి. తప్పు సాధారణంగా అక్కడే దొరుకుతుంది. సరిచేసిన తరువాత నెలాఖరు బిల్లుతో మరొకసారి పరీక్షించండి.

సభ్యులు ప్రతి పూట చీటీని బిల్లు అందేవరకు భద్రపరచుకోవలసినదిగా కోరుతున్నాము. బిల్లు రాగానే చివరి రోజు రెండు పూటలూ ఉన్నవో లేవో చూచుకొనండి. పోసిన ప్రతి చుక్కకు వెల రావాలంటే ఆ చీటీయే సాక్ష్యం.