ఫ్రిజ్ ఆపకండి, ఫ్యాన్ మార్చండి

మన పోచంపాడ్ డ్యామ్ దగ్గర 36 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉన్నా, ఇంట్లో మీటరు మీటరే! 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఆ భయంతో కొందరు రాత్రిపూట ఫ్రిజ్ ఆపుతారు. ఇన్సులిన్ వాడే ఇంట్లో ఈ పని చేయవద్దు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వేడెక్కితే మందు బలం తగ్గి షుగరు పెరుగుతుంది. సీసా మాత్రం మామూలుగానే కనబడవచ్చు. పైగా ఆపిన ఫ్రిజ్ మళ్ళీ చల్లబడడానికి ఎక్కువసేపు నడవాలి, కాబట్టి ఆదా పెద్దగా ఉండదు.

పాత ఫ్యాన్ 75 వాట్లు, కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాన్ సుమారు 30. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఫ్రిజ్ తలుపు సందులో పదిరూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్పించండి. ఇన్సులిన్‌ను ఫ్రీజరులో పెట్టకండి, గడ్డకడితే పారవేయవలసిందే.