మంచాలు లేని జూదశాల

అమెరికాలోని లాస్ వేగాస్ జూదానికి పెట్టింది పేరు. అక్కడి హోటళ్ళ చరిత్ర చదువుతుంటే నాకు అన్నిటికన్న వింతగా తోచింది ఫ్లెమింగో హోటలు కథ.

నెవాడా రాష్ట్రం 1931లోనే జూదాన్ని చట్టసమ్మతం చేసింది. లాస్ వేగాస్ ఊరిబయట రహదారి పక్కన 1941లో ఒకటి, 1942లో ఒకటి జూదపు హోటళ్ళు వెలిశాయి. వాటిని తలదన్నే భవనం కట్టాలని బిల్లీ విల్కర్‌సన్ అనే హాలీవుడ్ పత్రికాధిపతి 1945లో పని మొదలుపెట్టాడు. ఆయనకూ జూదం పిచ్చి ఉండేది. సగంలో డబ్బు చాలలేదు. అప్పుడు రంగంలోకి దిగాడు బెంజమిన్ సీగెల్ అనే ముఠానాయకుడు.

యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. కట్టడపు సామాను దొరకడమే గగనం. ఖర్చు అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగి దాదాపు 60 లక్షల డాలర్లయింది. పెట్టుబడి పెట్టినవాళ్ళకు సీగెల్ మీద అనుమానం ముదిరింది. ఇక ఆగలేక, గదులు పూర్తి కాకుండానే 1946 డిసెంబరు 26న జూదశాల తలుపులు తెరిచాడు.

చిత్రం చూడండి! ఆడవచ్చినవాళ్ళు గెలిచారు. గెలిచిన డబ్బు జేబులో వేసుకుని, పడుకోవడానికి వేరే హోటళ్ళకు వెళ్ళిపోయారు. నష్టం భరించలేక 1947 జనవరి చివరలో ఫ్లెమింగో మూతపడింది.

జూదశాలవాడే ఓడిపోవడమేమిటని నేను కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. అక్కడి రూలెట్ చక్రంలో 1 నుంచి 36 వరకు అంకెలు, పైన 0, 00, మొత్తం 38 గళ్ళు. గడికొక డాలరు చొప్పున 38 డాలర్లు కాశామనుకోండి. ఏదో ఒక గడి తగిలి తీరుతుంది. అయినా చేతికి వచ్చేవి 36 డాలర్లే. మిగిలిన రెండూ జూదశాలవాడివి! ఒక రాత్రి అదృష్టం ఈ లెక్కను దాటిపోవచ్చు. నాలుగు రోజులు వరసగా ఆడేవాణ్ణి మాత్రం లెక్క పట్టుకోకుండా వదలదు. ఆ నాలుగు రోజులూ మనిషిని కదలనివ్వనివి మెత్తని పరుపు, కమ్మని భోజనం, పాటకచేరీ. శకుని పాచికల్లో మాయ ఉన్నదంటారు. ఇక్కడ మాయ అక్కరలేదు, మంచం చాలు.

1947 మార్చి 1న హోటలు తిరిగి తెరిచారు. కొద్ది నెలల్లోనే లాభం కళ్ళజూసింది. ఆ లాభం సీగెల్ ప్రాణం కాపాడలేదు. జూన్ 20 రాత్రి బెవర్లీ హిల్స్‌లో ఒక ఇంట్లో సోఫామీద కూర్చుని ఉండగా, కిటికీ అవతలనుంచి ఎవరో కాల్చి చంపారు. అప్పటికి అతని వయస్సు 41. హంతకుడెవరో నేటికీ తేలలేదు.

హోటలు మాత్రం చేతులు మారుతూ పెరుగుతూ వచ్చింది. పాత కట్టడాల్లో ఆఖరిది 1993లో కూల్చివేశారు. కొత్త భవనాల్లో అదే పేరు నిలిచింది. తోటలో నిజం ఫ్లెమింగో పక్షులనే పెంచుతున్నారు.

పేరుమోసిన జూదశాలలు పెద్ద ఆటగాళ్ళకు గది ఉచితం, భోజనం ఉచితం అంటూ ఆహ్వానం పలుకుతాయి. ఆ పరుపుమీద నడుం వాల్చేముందు దాని అద్దె ఎవరి జేబులోంచి వసూలవుతుందో ఒక్కసారి లెక్క వేసుకోవడం మంచిది.